తరవాణి తాగిన కారు

శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద, సూరయ్య హోటలు పక్కన ఒక రేకుల షెడ్డులో వేంకటాచలం కార్లకు కరెంటు పని చేసేవాడు. కరెంటు పని అంటే అదొక్కటే. ఇంజను ముట్టుకోడు, చక్రాల వంక చూడడు. హారను మోగకపోయినా, దీపాలు వెలగకపోయినా, బ్యాటరీ నీరసించినా ఆయనకు చెప్పుకోవాలి. మిగతాదంతా ఆయన లెక్కలో కమ్మరిపని. ఆ మాట విని ఇంజను మేస్త్రీలు పళ్ళు నూరుకునేవాళ్ళు. నూరుకున్నవాళ్ళే, దీపం వెలగని రోజున మళ్ళీ ఆయన షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

వాళ్ళది సన్నాయి మేళం ఇల్లు. తాత, తండ్రి, అన్న అప్పలనరసింహం, అందరూ అరసవల్లి గుడిలో స్వామి సేవకు వాయించినవాళ్ళే. వేంకటాచలం చేతికి కూడా చిన్నప్పుడే సన్నాయి ఇచ్చారు. బాగానే వాయించేవాడని చెప్పుకుంటారు. కాని పదహారో ఏట విశాఖపట్నంలో ఎవరిదో కారుకు బానెట్టు ఎత్తి ఉంటే లోపలికి తొంగిచూశాడు. ఆ రంగురంగుల వైర్లు చూసి అక్కడే మనసు పారేసుకున్నాడు. ఇంట్లో పెద్ద గొడవైంది. తండ్రి ఏడాదిపాటు పలకరించలేదు. ఏమైతేనేం, మనిషి సన్నాయి వదిలేశాడు గాని సన్నాయి విద్వాంసుడి దర్జా మాత్రం వదల్లేదు. నుదుట బొట్టు, భుజాన జరీ అంచు ఉత్తరీయం, చేతిలో కటింగు ప్లేయరు! కారు కింద దూరాల్సి వస్తే ఉత్తరీయం తీసి నాలుగు మడతలు పెట్టి, ఆ కారు తెచ్చినవాడి చేతిలో పెట్టి అప్పుడు దూరేవాడు. ఎంతటి ఆసామీ అయినా సరే, పని అయ్యేదాకా ఆ ఉత్తరీయం పట్టుకుని నిలబడాల్సిందే.

ఇక మాట సంగతి. వేంకటాచలం ఒకసారి చెప్పాడంటే దానికి తిరుగు లేదు. బ్యాటరీకి కరెంటు పంపే కటౌటు పోయిందంటే పోయి తీరాలి. పోకపోతే అది కటౌటు తప్పు. ఉన్నమాట చెప్పుకోవాలి గాని, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆయన చెప్పినట్టే అయ్యేది. అందుకే ఆ చుట్టుపక్కల ఆయన మాటంటే అంత గురి. ఆ మిగిలిన పదోసారి సంగతే ఇప్పుడు చెప్పుకోబోయేది.

అరసవల్లి పక్కన పదిహేనెకరాల పల్లం ఉన్న రైతు జగన్నాధం నాయుడు. ఆయనకు ఒక నల్లకారు ఉండేది. సొంతానికి తిరిగేది తక్కువ, బాడుగకు తిరిగేది ఎక్కువ. ఆరేళ్ళుగా దాన్ని తోలుతున్నవాడు గంగులు. ముప్పయ్యేళ్ళ మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. కారును పసిపిల్లలా చూసుకునేవాడు. స్టీరింగు ముందర పాతపట్నం నీలమణి దుర్గమ్మ పటం ఒకటి పెట్టుకుని, దాని ముందు బఠాణీ గింజంత ఎర్ర బల్బు వెలిగించుకునేవాడు. ఆ బల్బుకు కారు వైర్లలోంచే కరెంటు తీసుకున్నాడు. డ్రైవర్లంతా చేసే పనే.

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో నాయుడు ఎడ్లజత చూసుకోవడానికి పాతపట్నం వెళ్ళాడు. వేంకటాచలం కూడా అక్కడ మేనల్లుడి పెళ్ళికి వెళ్ళి ఉన్నాడు. తిరుగుప్రయాణంలో ఇద్దరూ ఒకే కారులో కూర్చున్నారు. వేంకటాచలం భార్య బాలసరస్వతికి పరాయి ఊళ్ళ నీళ్ళంటే నమ్మకం లేదు. అందుకని ఆయన ఎక్కడికి వెళ్ళినా పెద్ద మరచెంబు నిండా తరవాణి పోసి పంపేది. పెళ్ళివారింట్లో కూడా ఆయనకు తరవాణి కావాలని ఆడపడుచుకు కబురు చేసింది. గంజి పులియబెట్టి, ఉప్పేసి, వాము నలిపి, నాలుగు నిమ్మాకులు తుంచి వేసిన తరవాణి. ఎండలో అది కడుపులో పడితే ప్రాణం లేచొస్తుంది. మనిషికి.

టెక్కలి ఇంకా ఆరు మైళ్ళుందనగా కారు రేడియేటరు గొట్టం చిట్లింది. నీళ్ళన్నీ పోయి ఇంజను కుతకుతలాడింది. గంగులు తలపాగా చించి గొట్టానికి బిగించి కట్టాడు. కాని పోయడానికి నీళ్ళేవి? పక్కన పారే గెడ్డ ఎండిపోయింది. మే నెల మిట్టమధ్యాహ్నం. దరిదాపుల్లో ఒక ఇల్లు లేదు, నుయ్యి లేదు. నాయుడు చెట్టు నీడ వెతుక్కుంటున్నాడు. అప్పుడు వేంకటాచలం దర్జాగా మరచెంబు మూత తిప్పాడు.

"బావూ, అది గంజి కదా. ఇంజను కాలిపోతన్నాది. పోస్తే పొంగుతాది" అన్నాడు గంగులు.

"నీకు తెలుసా, నాకు తెలుసా?"

"కుసింత సల్లారనీండి పోనీ."

"ఒరే, నువ్వు బండి తోలడం చూసుకో" అని వేంకటాచలం పోసేశాడు. ఇంట్లో ఏనాడైనా పొయ్యి దగ్గర నిలబడి ఉంటే తెలిసేది. అన్నం కుండ పొంగినట్టు అది బుసబుసా పొంగి బానెట్టు లోపలంతా తెల్లగా చిమ్మింది. అయినా సగం లోపల నిలిచింది. కారు మెల్లగా మూలుగుతూ టెక్కలి చేరింది. అక్కడ రేడియేటరు కడిగి మంచినీళ్ళు పోసుకున్నారు, గొట్టం మార్చుకున్నారు. బానెట్టు లోపల చిమ్మినదాన్ని గంగులు గుడ్డపెట్టి పైపైన తుడిచాడు.

ఇంకేముంది! ఆ వేసవంతా సూరయ్య హోటల్లో ఒకటే కథ. వేంకటాచలం తరవాణితో కారు నడిపించిన కథ. చెప్పిన ప్రతిసారీ దారి ఒక మైలు పెరిగేది. జూన్ నెలాఖరుకు ఆ కారు పాతపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తరవాణి మీదే వచ్చేసింది. నాయుడు పక్కన కూర్చుని అవునవునని తల ఊపేవాడు.

మీకు ఈపాటికి సంగతి అర్థమైపోయే ఉంటుంది. అర్థం కాకుండా ఎలా ఉంటుంది? ఆ మహానుభావుడికి మాత్రం మరో మూడు నెలలు పట్టింది.

వానలు మొదలవగానే కారుకు పిచ్చెక్కింది. పొద్దున్నే స్టార్టు చేద్దామంటే బ్యాటరీ చచ్చి ఉండేది. తోసి స్టార్టు చేస్తే ఎవరూ నొక్కకుండానే హారను కూసేది. నొక్కితే ఊరుకునేది. కుడిపక్క ఇండికేటరు వేస్తే ముందు దీపాలు మిణుకుమనేవి. ఒక ఆదివారం అరసవల్లి గుడి ముందు, లోపల అప్పలనరసింహం సన్నాయి అందుకున్న క్షణానే బయట ఈ కారు కూడా అందుకుంది. ఆపితే గదా! అన్నగారు ఆ సాయంత్రం తమ్ముడికి కబురు పంపాడు, నీ శిష్యురాలికి శ్రుతి కుదరలేదని. ఇంతా చేసి, పదిగంటల ఎండ తగిలేసరికి అన్నీ సక్రమంగా పనిచేసేవి. షెడ్డుకు తెచ్చేసరికి ఏ జబ్బూ లేదు.

వేంకటాచలం బ్యాటరీ మార్చాడు. వారం తర్వాత మళ్ళీ అదే కూత. హారను మార్చాడు. కొత్త హారను ఇంకా గట్టిగా కూసింది. కటౌటు విప్పి తుడిచాడు, ఫ్యూజు పెట్టె మార్చాడు, వైర్ల కొసలన్నీ గరుకు కాగితం పెట్టి తళతళ మెరిసేలా రుద్దాడు. నాలుగు రోజులు బాగుండేది. ఐదో రోజు కొసలు మళ్ళీ పచ్చగా పాచిపట్టినట్టయ్యేవి. ఇప్పుడే తుడిచిన చోట ఈ పచ్చదనం ఎక్కడినుంచి వస్తోందని ఆయన అడగాల్సింది. అడగలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు.

గంగులే ఒకరోజు నసిగాడు. "బావూ, ఒక మాట. ఆ తరవాణి పోసిన కాడినుంచీ దీనికి ఒంట్లో బాగునేదు. ఒకపాలి ఆ వైర్ల కట్ట ఇప్పి లోపల కడిగి సూడండి."

వేంకటాచలానికి తల తిరిగినంత పనైంది. "కడగడమేంట్రా? ఇదేమన్నా గేదా? కరెంటు పనిలో నీళ్ళు పోయమంటావా? ఆ తరవాణే లేకపోతే ఆ రోజు నీ బండి గెడ్డలో ఉండేది. గుర్తుందా?"

"గురుతున్నాది బావూ."

"మరింకేం? మూసుకుని ఉత్తరీయం పట్టుకో."

గంగులు ఉత్తరీయం పట్టుకున్నాడు.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున నాయుడికి ఓపిక నశించింది. సూరయ్య హోటల్లో పదిమంది ఇడ్లీ తింటూ ఉండగా బయట నుంచే కేకేశాడు. "ఏటండీ మేస్త్రీ, మీ వల్ల అవుతాదా, అవదా? అవదంటే సెప్పీండి, ఇశాపట్నం పంపించుకుంటాను."

అంత మాట ఆయన్ని అంతవరకూ ఎవరూ అనలేదు. చేతిలో కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాడు. కారు తలుపు తీసి లోపల కూర్చున్నాడు. ఎటు చూడాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే ఎర్ర బల్బు కనిపించింది. మునిగిపోయేవాడికి దుంగ దొరికినట్టే అనిపించింది. బల్బు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. దాని వెనక రెండు జానల వైరు వచ్చింది. పైకెత్తి హోటలంతటికీ కనపడేలా చూపించాడు.

"ఇదిగో! దొరికింది. మూడు నెలలుగా నన్ను చంపుకు తింటున్నది ఇదే. డ్రైవరు కన్నాలు వేసి వైర్లలో చెయ్యి పెడుతుంటే, నేను కాదు గదా, విశాఖపట్నం నుంచి ఎవడొచ్చినా ఏం చేస్తాడు?"

నాయుడు మంచివాడే, కాని ముక్కు మీద కోపం. "నా బండిలో నాకు తెలకుండా వైర్లు తెంపినావేటిరా?" అని గంగుల్ని నిలబెట్టి కడిగేశాడు. గంగులు ఏదో చెప్పబోయాడు. "మేస్త్రీ గారి కంటె నీకెక్కువ తెల్సేటి? తాళాలక్కడ పెట్టి పో" అన్నాడు నాయుడు. గంగులు తాళాలు పెట్టాడు. దుర్గమ్మ పటం తీసి తువ్వాలులో చుట్టుకున్నాడు. వెళ్ళేముందు వేంకటాచలం వంక ఒకసారి చూశాడు. వేంకటాచలం చూపు తిప్పేసుకున్నాడు. ఆకలేస్తోందని మరో ప్లేటు ఇడ్లీ తెప్పించుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి వాన తెరిపిచ్చింది. పడమటి గాలి, పెళపెళలాడే ఎండ. తొమ్మిది రోజులు కారు నోరెత్తలేదు. నాయుడే స్వయంగా తోలుకుంటూ తిరిగాడు. విజయనగరంలో ఎవరో డ్రైవరున్నాడని విని వచ్చే సోమవారం నుంచి రమ్మన్నాడు. వేంకటాచలం పేరు ఇంకో మెట్టు ఎక్కింది. బల్బులు పెట్టుకున్న డ్రైవర్లంతా భయపడి పీకేసుకున్నారు. ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరూ చీకట్లో పడ్డారు.

పదో రోజు శుక్రవారం. తెల్లవారేసరికి సముద్రం గాలి తిరిగింది, సన్నగా జల్లు పడింది. నాయుడి వాకిట్లో కారు ఎవరూ ముట్టుకోకుండా ఎలుగెత్తి కూసింది.

నాయుడు దాన్ని షెడ్డు దగ్గర దింపి, ఉత్తరీయం కూడా పట్టుకోకుండా వెళ్ళిపోయాడు. వేంకటాచలం ఒక్కడే మిగిలాడు. బానెట్టు ఎత్తి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. బల్బు లేదు. గంగులు లేడు. ఇక మిగిలింది వైర్లు, తాను. మొదటిసారిగా ఆయనకు భయం వేసింది.

రేడియేటరు పక్కనుంచి అద్దం వైపు వెళ్ళే వైర్లన్నిటినీ ఒక్కటిగా చేర్చి నల్లగుడ్డ చుట్టి ఉంటుంది. మూడు నెలల్లో ఆయన దాని కొసలు రుద్దాడే గాని ఆ గుడ్డ ఎన్నడూ విప్పలేదు. ఇప్పుడు బ్లేడు పెట్టి కోశాడు. గుడ్డ లోపల తడిగా ఉంది. జిగటగా ఉంది. తెల్లటి పొక్కులూ పచ్చటి చిలుమూ కలగలిసి ఉన్నాయి. సన్నటి ఎర్రచీమలు బారు కట్టి ఉన్నాయి. కరెంటు తీగలో చీమలకు పనేమిటి? ఇంకా కోశాడు. రేడియేటరు దగ్గర మొదలైన ఆ తడి, వత్తిలోకి నూనె ఎక్కినట్టు, గుడ్డలోపల పాకుతూ పాకుతూ ఇండికేటరు దాకా, హారను దాకా, కటౌటు దాకా ఎక్కి కూర్చుంది. ఎండకు ఆరుతుంది, చెమ్మ గాలికి మళ్ళీ తడుస్తుంది. తడిసినప్పుడు ఒక తీగలో కరెంటు ఇంకో తీగలోకి దూకుతుంది. ఆయన కొసలు రుద్దుతుంటే అది మధ్యలో కూర్చుని నవ్వుతోందన్నమాట.

వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. ఉప్పు వెనక పులుపు. ఆ వెనక సన్నగా వాము.

బండి పక్కనే కూలబడ్డాడు. ఆ రుచి ఆయనకు కొత్తదా? పాతికేళ్ళుగా రోజూ తాగుతున్నదే.

ఇంకొక్కటి చూశాక మరీ తలెత్తుకోలేకపోయాడు. ఆ కట్టంతటిలో చెడనిది ఒక్క జానెడు మేర. అక్కడ గంగులు తన బల్బు కోసం అతుకు వేసుకుని, కొవ్వొత్తి కరిగించి పోసి, నూలు దారం ఒత్తుగా చుట్టాడు. మైనం దాటి తడి లోపలికి పోలేదు. రాగి ఇంకా కొత్తదిలా మెరుస్తోంది. అంత శుభ్రమైన అతుకు తాను కూడా ఎప్పుడూ వెయ్యలేదని వేంకటాచలానికి తెలుసు.

ఇప్పుడేం చెయ్యాలి? మంచివాడు వెంటనే లేచి పరుగెత్తేవాడు. మన వేంకటాచలం చుట్టూ ఎవరైనా చూశారా అని చూశాడు. పాత కట్టనంతా పీకి గోనెసంచిలో కుక్కాడు. శనివారం మధ్యాహ్నానికల్లా కొత్త వైర్లు లాగి, కొత్త గుడ్డ చుట్టి, బండి మీద రెండు బిందెల నీళ్ళు చిలకరించి చూశాడు. ఎక్కడా కూత లేదు. ఈసారి నిజంగా కుదిరింది.

నాయుడు వచ్చి చూసి పొంగిపోయాడు. "ఏటండీ తేడా?"

"వైర్లు పాడైపోయాయండి. మార్చేశాను."

"ఆ గంగులుగాడి నిర్వాకమే కదా?"

వేంకటాచలం అవుననలేదు, కాదనలేదు. తల ఊపాడా అంటే, ఊపాడనే నాయుడు అందరికీ చెప్పుకున్నాడు.

ఇంటికెళ్ళి భోజనానికి కూర్చుంటే బాలసరస్వతి మామూలుగా గ్లాసు నిండా తరవాణి పెట్టింది. ఆయన దాని వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఏటండీ, పడిశం పట్టిందా?"

"ఇందులో ఉప్పెంత వేస్తావే?"

"మీకు సరిపడా. ఏం, ఇన్నేళ్ళకి ఎక్కువైందేటి?"

"నాకు ఎక్కువ కాలేదు" అని మొదలుపెట్టి ఆయన మొత్తం చెప్పేశాడు. బాలసరస్వతి మొదట నోరు తెరిచింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఓలమ్మో, ఊరందరికీ డప్పు కొట్టి మరీ సెప్పుకున్నారు గదండీ! ఇంకా నా తరవాణికి అంత సత్తా ఉన్నాదని నాను మురిసిపోయేను!" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఆగిపోయింది.

"మరి గంగులు?" అంది.

వేంకటాచలం విస్తరి ముందు నుంచి లేచాడు.

గంగులు ఇల్లు అరసవల్లి వెనక పేటలో ఉంది. ఎండ ఇంకా వాలలేదు. గంగులు భార్య మరిడమ్మ అరుగు మీద చోళ్ళు చెరుగుతోంది. ఆయన్ని చూడగానే చేట పక్కన పడేసి లేచి, పీట తెచ్చి వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"తమరే వచ్చేరా బావూ! మా ఓడు సేసిన పనికి నానే వచ్చి మీ కాళ్ళట్టుకుందావనుకున్నాను. తమరు ఇన్నాళ్ళు ఆ బండితో ఎంత ఇబ్బంది పడ్డారో."

"అది కాదమ్మా..."

"మీరు దాపెట్టొద్దు బావూ. నాకంతా తెలుసు. మా ఓడు నాను ముట్టనేదంటాడు. మీలాటోరు నలుగుర్లో నిలబడి సెప్పేక ఇంకేటి ముట్టనేదు? మీ నోటంట అబద్దం వస్తాదేటి? ఆరేళ్ళు అన్నం పెట్టినోరి బండిని కన్నాలెట్టినాడు. ఆ రోజునుంచీ నాను ఆడితోటి మాటాడ్నేదు. రొండ్రోజులు సూసినాడు. మూడోనాడు నౌపడ ఎల్లిపోనాడు, ఉప్పు బస్తాలెత్తడానికి."

వేంకటాచలం నోరు తెరిచాడు. ఆమె ఆయన వంక గుళ్ళో స్వామిని చూసినట్టు చూస్తోంది. నీ మొగుడు సత్యం పలికాడు, నేనే మూర్ఖుణ్ణి అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? ఆరు. ఆ ఆరూ ఆయన చెప్పలేదు. ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. పిరికితనం అంటే అదే, దానికి ఇంకో పేరు లేదు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. కారునైనా ఎన్నడూ అన్ని తిట్లు తిట్టలేదు.

ఆదివారం తెల్లవారగానే ఆమదాలవలసలో రైలెక్కి నౌపడలో దిగాడు. స్టేషను పక్కన ఉప్పు గుట్టలు తాటాకులు కప్పుకుని వరసగా ఉన్నాయి. కూలీలు బస్తాలు మోసుకెళ్ళి వేగన్లలో వేస్తున్నారు. అందులో గంగులు ఉన్నాడు. వీపు మీద గోనె, భుజాలు ఉప్పు కోసి ఎర్రగా చిట్లి ఉన్నాయి. స్టీరింగు పట్టిన చేతులు బస్తా చెవులు పట్టుకోవడం ఇంకా నేర్చుకోలేదు. వేంకటాచలానికి ఆ మనిషిని చూడగానే ఏడుపొచ్చింది. దర్జా అంతా ఎటు పోయిందో, ఉత్తరీయంతో బాహాటంగానే ముక్కు తుడుచుకున్నాడు.

"తమరేటి బావూ ఇక్కడ?" అని గంగులు బస్తా దించాడు.

"తరవాణిరా గంగులూ. నువ్వు చెప్పినట్టే తరవాణి. వైర్లు విప్పి చూశాను. తప్పంతా నాది."

గంగులు మొహంలో ఆశ్చర్యం లేదు, సంతోషం లేదు. "నాను రొండుసార్లు సెప్పేను బావూ" అన్నాడు.

"చెప్పావు. నా చెవులు మూసుకుపోయాయి. పద, నాయుడు దగ్గరికి. నీ కొలువు నీకు ఇప్పిస్తాను. రేపు విజయనగరం వాడు వచ్చేస్తాడు."

"కొలువు పోతే పోనాది. ఇంకో బండి దొరుకుతాది." గంగులు ఉప్పు చేతులు దులుపుకున్నాడు. "మా మరిడి నమ్మేసినాది బావూ. నా మాట కాదని మీ మాట నమ్మేసినాది. నా ముందల అన్నం గిన్నె పెడతాది, ఎల్లిపోతాది. ఏ ఉప్పు బస్తా నాకు అంత బరువనిపించనేదు."

నిన్న ఆమె వాల్చిన పీట మీద కూర్చుని తాను నీళ్ళు తాగి వచ్చిన సంగతి చెప్పుకోవడానికి వేంకటాచలం తటపటాయించాడు. చివరికి అది కూడా చెప్పాడు. గంగులు తల పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత వీపు మీది గోనె తీసి పక్కన పడేసి, "పదండి" అన్నాడు.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి నాయుడు సూరయ్య హోటల్లోనే ఉన్నాడు. పదిమందీ ఉన్నారు. వేంకటాచలం మెట్టెక్కి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. ఎక్కడా కప్పిపుచ్చలేదు. తరవాణి పోసింది తాను. వద్దన్నది గంగులు. వైర్లలో ఉప్పు పట్టింది అందువల్ల. బల్బు వైరు ఎంత శుభ్రంగా అతికాడో చూపించడానికి ఆ జానెడు ముక్క జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ముందు రోజు నాయుడు అడిగితే తాను కాదనకుండా ఊరుకున్నానని కూడా చెప్పాడు. హోటలంతా గొల్లుమంది. సూరయ్య నవ్వు ఆపుకోలేక పెనం మీద అట్టు మాడ్చేశాడు. తరవాణి మేస్త్రీ అనే బిరుదు ఆ నిమిషంలోనే పుట్టింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

నాయుడు మాత్రం నవ్వలేదు. ఆ అతుకు ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు. "నానూ ఆ రోజు బండిలోనే ఉన్నాను గదా. నా కళ్ళముందే పొంగింది" అన్నాడు నెమ్మదిగా. తర్వాత తాళాలు తీసి గంగులు ముందు పెట్టాడు. "ఆ ఇజీనారం ఓడికి ఇప్పుడే కబురంపుతాను. ఆ పటం తెచ్చి పెట్టుకోరా. బల్బు మేస్త్రీ గారే ఎలిగిస్తారు."

గంగులు తాళాలు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. వేంకటాచలం హమ్మయ్య అనుకున్నాడు. కుర్చీ లాక్కోబోతుంటే గంగులు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇంకా మా ఇంటికి రావాల బావూ" అన్నాడు.

నలుగురు మగాళ్ళు నవ్వితే పడటం ఒక ఎత్తు. ఆ పేటకు మళ్ళీ నడవటం ఒక ఎత్తు. వేంకటాచలం నడిచాడు. గంగులు నాలుగడుగులు వెనకగా వచ్చాడు. మరిడమ్మ గుమ్మంలోనే ఉంది. మొగుణ్ణి చూసీ చూడనట్టు ముఖం తిప్పుకుని, వేంకటాచలం కోసం మళ్ళీ పీట తెచ్చింది.

"నాకు పీట వద్దమ్మా" అన్నాడాయన. "నిన్న నీకు చెప్పాల్సింది చెప్పకుండా పోయాను. బండి పాడుచేసింది నేను. నీ మొగుడు వద్దన్నా వినకుండా నేనే చేశాను. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. నా పరువు కాపాడుకోవడానికి నలుగురిలో వాడి మీద అబద్ధం చెప్పాను."

మరిడమ్మ చేతిలో పీట అలాగే ఉండిపోయింది. "ఇంకోపాలి సెప్పండి" అంది.

ఆయన ఇంకోసారి చెప్పాడు. ఈసారి మొదటిసారి కంటె కష్టమైంది.

"ఆడు ముట్టనేదా?"

"ముట్టినచోటొక్కటే బాగుంది తల్లీ. మిగతాదంతా నేను పాడుచేశాను."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. అసలు ఆయన అక్కడ ఉన్నట్టే మర్చిపోయి, వీధిలో నిలబడ్డ గంగుల వైపు తిరిగింది. చిట్లిన భుజాలు అప్పుడే చూసినట్టుంది. పెదాలు బిగించుకుని గొంతు సవరించుకుంది. పదమూడు రోజులుగా మొగుడి మీద వాడని గొంతు మరి.

"ఏటలా వీధిలో నిలబడిపోనావు? కాళ్ళు కడుక్కోని రా. అన్నం సల్లారిపోతన్నాది."

గంగులు కుండ దగ్గర చెంబు ముంచుకుని కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు. కడుక్కుంటూనే ఉన్నాడు, ఎంతసేపటికీ తల ఎత్తలేదు.